మల్లికి ఐదు బొమ్మలు

"పిల్లిని పట్టుకోమ్మా అంటే బొమ్మ గీస్తాండావా?"

ఆ కేకకు ఉషారాణి చేతిలో పెన్సిల్ ఆగిపోయింది. తల ఎత్తి చూసేసరికి ఆమె పిల్లి, కాటుక, మందుల బీరువా మీద కూర్చుని ఉంది. కాంపౌండరు ముంజేతి మీద మూడు ఎర్రటి గీతలు తేలి ఉన్నాయి.

"సారీ సార్. అది కొత్తవాళ్లను ఓర్వదు."

"నన్ను ఓర్వకపోతే పోనీ. సూది ఎట్ల వేసేది?"

ఉషారాణి నాలుకతో చిన్న శబ్దం చేసింది. కాటుక ఏమీ ఎరగనట్టు దిగివచ్చి ఆమె ఒళ్లో కూర్చుంది.

అది 1998 ఆగస్టు, పుంగనూరు పశువుల ఆసుపత్రి. ఉషారాణి ఆ ఊళ్లోనే ఒక ప్రైవేటు స్కూల్లో రెండో తరగతి టీచరు. స్కూలు వదిలాక పాత క్యాలెండర్ల వెనకవైపు బొమ్మలు వేసుకునేది. ఎవరూ నేర్పలేదు, ఎవరూ అడగలేదు. 'మా వీధివాళ్లు' అని ఒక నోటుబుక్కు కూడా ఉంది. అందులో టీకొట్టు కుంటికుక్క, కాంతమ్మగారి దొంగమేక, కరెంటు తీగ మీద కాకులు. మనిషన్నవాడు ఒక్కడూ లేడు.

ఆ రోజు కాటుక చెవి పుండుకు సూది వేయించాలని వచ్చింది. లైన్లో ముందున్న పొట్టి ఆవును చూడగానే చేయి ఊరుకోలేదు.

సూది వేశాక కాంపౌండరు కళ్లు ఆ బొమ్మ మీద పడ్డాయి. గొంతులో కోపం దిగిపోయింది.

"ఇది మీరు గీసిందేనా?"

"లేదు సార్, పిల్లి గీసింది."

అతను నవ్వేశాడు. పేరు మునిచంద్ర. చౌడేపల్లెలో అవ్వతో ఉంటూ రోజూ బస్సులో డ్యూటీకి వచ్చిపోతాడు. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

"మా అవ్వకు మల్లి అని ఒక పొట్టి ఆవుండె. పద్దెనిమిదేండ్లు సాకింది. పోయిన నెల చచ్చిపోయింది. అప్పటినుంచి అవ్వ సరిగ్గా కూడు తినడంల్యా. మల్లి ఫోటో ఒక్కటీ లేదు. నేను చెప్తే మీరు గీస్తారా టీచరమ్మా?"

కాదనడానికి ఉషారాణికి నోరు రాలేదు.

ఆదివారం అతను ఉషారాణి వాళ్లింటి అరుగు మీద కూర్చుని మల్లిని వర్ణించాడు. తెల్లటి ఒళ్లు, నడుము దాకా ఎత్తు, నేలను తాకే తోక. ఉషారాణి రెండు గంటలు గీసింది. అతను ఆ కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుపోయాడు.

తరువాతి ఆదివారం మళ్లీ వచ్చాడు. మొహం వాడిపోయి ఉంది.

"నాకైతే అచ్చం మల్లి మాదిరే ఉండాది. అవ్వ కాదనె. ఎడమ కొమ్ము ఇంకా వంగాలంట."

కొమ్ము వంచి రెండో బొమ్మ వేసింది. అవ్వకు కళ్లు నచ్చలేదు. మూడోదానికి మెడ కింద తోలు చాలదంది.

నాలుగోసారి వర్షంలో వచ్చాడు. జుట్టులోంచి నీళ్లు కారుతున్నాయి. చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. గొడుగు మాత్రం చంకలో భద్రంగా ఉంది.

"గొడుగు ఉండి తడిసినారా?"

"దీనిలోపల మీకు తెల్లకాగితాలు సుట్టి తెచ్చినా. తడుస్తాయని తెరవలేదు."

ఉషారాణి తువ్వాలు ఇచ్చి గబుక్కున లోపలికి వెళ్లిపోయింది. టీ పెట్టడానికి అంత తొందర అక్కరలేదు. తన మొహం అతనికి కనబడకూడదని వెళ్లింది.

నాలుగో బొమ్మ రంగుల్లో వేయాలనుకుంది. రంగులు కొనడానికి మదనపల్లెకు వెళ్లింది. తిరుగు బస్సులో చూస్తే మునిచంద్ర. టీకామందుల ఐసుపెట్టె తీసుకుని వస్తున్నాడు. ఇద్దరూ ఒకే సీట్లో కూర్చున్నారు, మధ్యలో ఐసుపెట్టె.

"ఈసారి ఏం వంక పెడతాదో మీ అవ్వ."

"పోయినసారే ఇంకోటి కూడా చెప్పింది. మల్లి మొగంలో నవ్వు లేదంట."

"ఆవు నవ్వుతాదా సార్?"

"మా అవ్వను సూస్తే నవ్వేదంట."

ఇద్దరూ పగలబడి నవ్వారు. ముందు సీటు పెద్దాయన వెనక్కి తిరిగి చూసేదాకా ఆపలేదు. పుంగనూరు అంత తొందరగా వచ్చిందేమిటా అని ఇద్దరికీ అనిపించింది. ఒకరికొకరు చెప్పుకోలేదు.

నవ్వే ఆవునూ అవ్వ వద్దంది. ఐదోది ఉషారాణి పది రోజులు వేసింది. స్కూలు పని పక్కన పెట్టి, నిద్ర తగ్గించుకుని వేసింది. ఇంతకంటే బాగా తనకు రాదని ఆమెకు తెలుసు.

తరువాతి ఆదివారం మునిచంద్ర అరుగు ఎక్కకుండా నిలబడ్డాడు.

"అవ్వ ఇది కూడా..." అని ఆగి, "ఇంకో మాట. నాకు ట్రాన్స్‌ఫరయింది. కుప్పం. వచ్చే సోమవారం జాయిన్ కావాల," అన్నాడు.

ఉషారాణికి రెండు దెబ్బలూ ఒకేచోట తగిలాయి.

"మంచిది సార్. ఇంక ఆవు బొమ్మ కోసం బస్సెక్కే పనుండదు మీకు."

అతను ఏదో చెప్పబోయాడు. ఆమె తలుపు దగ్గరకు వేసింది.

ఆ వారమంతా ఆమె పెన్సిల్ ముట్టలేదు. కాటుక ఎండలో ఒళ్లు విరుచుకుని పడుకున్నా చేయి కదలలేదు. రంగుల డబ్బా స్కూలు పిల్లలకు ఇచ్చేద్దామనుకుంది. ఒక ముసలామె ఆవునే గీయలేనిదానికి ఇవన్నీ ఎందుకు?

శనివారానికి మనసు ఆగలేదు. బొమ్మల్లో లోపమేమిటో ఆ అవ్వ నోటనే వినాలనుకుంది. ఆదివారం ఉదయం చౌడేపల్లె బస్సెక్కింది.

మునిరత్నమ్మ అవ్వ వాకిట్లో చిక్కుడుకాయలు ఒలుస్తోంది. మనవడు కటింగ్‌కు వెళ్లాడట.

"నేనే అవ్వా, మల్లి బొమ్మలు గీసేదాన్ని. ఐదు గీస్తి. ఒక్కదాంట్లో కూడా మీకు మల్లి కనపడలేదా?"

అవ్వ ఆమెను ఎగాదిగా చూసింది. చేయి పట్టుకుని లోపలికి తీసుకుపోయి ట్రంకుపెట్టె తెరిచింది. చీరల మడతల మధ్య ఐదు బొమ్మలూ ఉన్నాయి. మొదటిదాని నుదుట కుంకుమ.

"వాడు బస్సెక్కినాక దినామూ దీన్ని ఎదురుగా పెట్టుకొని కూడు తింటా పాపా. తోక సూసినప్పుడే ఏడ్సేసినా. నా మల్లే ఇది."

"మరి బాగలేదని యాల చెప్పినారు?"

"వానికి ఇరవై ఏడేండ్లు. పెండ్లి మాటెత్తితే గొడ్ల మందలోకి పారిపోతాడు. నీకాడికి పోయొచ్చిన దినం ఈల వేసుకుంటా బావికాడ స్నానం జేసె. బాగుందంటే మళ్లీ పోతాడా? అందుకే కొమ్ము వంకర అంటి."

ఉషారాణికి నవ్వు రాలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"మీకు ఆటగా ఉండాది అవ్వా. నాకు గీయడమే రాదనుకుని వారం నుంచి పెన్సిల్ ముట్టలేదు."

అవ్వ మొహం మారిపోయింది. ఆమె రెండు చేతులూ తన ముడతల చేతుల్లోకి తీసుకుంది.

"అంత పని జేసినానా? ముసిల్దానికి అంతదూరం తోచలేదమ్మా. నన్ను తిట్టు. చేతి మీద మాత్రం అలగొద్దు. సచ్చిన ఆవును ఇంటికి తోలుకొచ్చిన చెయ్యి ఇది."

ఉషారాణి ఆ చేతుల్లోనే తల వాల్చి ఏడ్చేసింది. అవ్వ చిక్కుడు వాసన వేసే కొంగుతో ఆమె కళ్లు తుడిచింది.

"అవ్వా! ఈ బొమ్మలన్నీ పొయ్యిలో పెట్టినానంటివే!"

గుమ్మంలో మునిచంద్ర. మెడ చుట్టూ కత్తిరించిన వెంట్రుకలు. ఎంతసేపటి నుంచి నిలబడ్డాడో, చెవులు ఎర్రబడి ఉన్నాయి.

బస్సు దాకా దిగబెట్టడానికి వచ్చాడు.

"ఒట్టు, నాకు తెలీదు టీచరమ్మా."

"తెలిసుంటే చెప్పేవారా?"

అతను ఆలోచించాడు. అబద్ధం చెప్పడం సులువే.

"చెప్పేవాణ్ణి కాదు. ఆదివారం పోతాదే అని. అవ్వ మీ బొమ్మ బాగలేదన్నప్పుడల్లా బాధపడేవాణ్ణి. మళ్లీ రావచ్చని లోపల్లోపల సంతోషపడేవాణ్ణి. మీరంటే నాకు అంత ఇష్టం."

బస్సు వచ్చి ఆగింది. ఉషారాణి మెట్టు మీద కాలు పెట్టి వెనక్కి తిరిగింది.

"కుప్పం నుంచి పుంగనూరికి ఎంతసేపు?"

"మూడు గంటలకు పైనే."

"తొలి బస్సుకు వస్తే పదికంతా వచ్చేస్తారు. మా నాయన ఆదివారం ఇంట్లోనే ఉంటాడు."

బస్సు కదిలింది. మునిచంద్రకు అర్థమయ్యేలోపు మలుపు తిరిగిపోయింది.

మరుసటి ఆదివారం అతను కుప్పం నుంచి, అవ్వ చౌడేపల్లె నుంచి వచ్చారు. ఉషారాణి తండ్రి దొరస్వామి బజారువీధిలో టైలరు. తక్కువ మాట్లాడే మనిషి. అవ్వ చెప్పినదంతా విన్నాడు. వంటింటి గుమ్మంలో నిలబడిన కూతురి వైపు ఒకసారి చూశాడు. ఆమె తల దించుకుంది, కానీ నవ్వు దాగలేదు.

దొరస్వామి లేచి మేకుకు వేలాడుతున్న టేపు తీశాడు.

"నిలబడప్పా."

మునిచంద్ర బెదిరిపోయి నిలబడ్డాడు. దొరస్వామి భుజాలు కొలిచాడు, ఛాతీ కొలిచాడు, నడుము కొలిచాడు.

"దేనికి మామా?" అని నోరు జారి, నాలుక కరచుకున్నాడు మునిచంద్ర.

"పెండ్లి చొక్కాకు. రెండించీలు వదులుగా కుడతాలే. మా పాప పప్పు బాగా చేస్తాది."