నిమ్మకాయ కోసిన ఇంజనీరు

గోవర్ధన్ ఆ గోదాములో అడుగుపెట్టి చేసిన మొదటి పని, సర్వర్‌కు వేలాడుతున్న నిమ్మకాయ మిరపకాయల దండను వైరు కోసే కత్తెరతో కత్తిరించడం. మాధవీలతతో తగాదా పెట్టుకోవడానికి అంతకంటే మంచి ముహూర్తం దొరకదు.

"ఏంది సార్, గట్ల కోసిండ్రు? మా చాయ్ పోసే కొండమ్మ పొద్దుగాల్నే కట్టింది, దిష్టి తగలొద్దని!"

"క్షమించాలండి. వెనక ఫ్యాను ఉందండి. మిరపకాయ అందులో పడితే సర్వర్ కాలిపోద్దండి."

ఒక్క ఊపిరిలో మూడు 'అండి'లు. మాధవీలత లెక్కపెట్టింది.

అది 2012 వానాకాలం. శంషాబాద్ ఎయిర్‌పోర్టులో దిగిన సరుకు ఆ గోదాముకు వచ్చి, అక్కడినుంచి ఊళ్ళకు పోతుంది. కంప్యూటర్లు ముప్పై రెండు ఉన్నాయి గానీ ఒకదాని మాట ఇంకొకదానికి తెలియదు. ఏ పెట్టె ఏ బండిలో ఎక్కిందో కాగితం పట్టుకుని ఒక గదినుంచి ఇంకో గదికి పరుగెత్తాలి. వాటన్నిటిలో నెట్‌వర్క్ సాఫ్ట్‌వేర్ ఎక్కించి సర్వర్‌తో కలపడానికి వచ్చిన ఒంగోలు కుర్రాడు గోవర్ధన్. గోదాములో కంప్యూటర్లు చూసుకునేది మాధవీలత, పక్క ఊరి రైతు మొగులయ్య కూతురు. పని పూర్తయిందని ఫారం మీద ఆమె సంతకం పెడితేనే అతనికి విడుదల.

రెండు వారాలు ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. అతను నేర్పుతుంటే ఆమె నేర్చుకుంది.

"ప్రతి కంప్యూటర్‌కీ ఒక అడ్రస్ ఇస్తామండి. ఇంటి నంబరు లాగా. ఒకే నంబరు రెండిళ్ళకి ఇస్తే ఏమవుద్దండి?"

"పోస్టుమ్యాన్ పరేషాన్ అయితడు."

"అంతేనండి! రెండూ కొట్టుకుంటాయి. ఒకటి నెట్‌వర్క్ నుంచి పడిపోద్ది."

ఆ పాఠం మాధవీలతకు బాగా ఎక్కింది. ఎంత బాగా ఎక్కిందంటే, గురువు మీదనే ప్రయోగించేంత.

మంగళవారం గోవర్ధన్ ఫారం తెచ్చి ఆమె ముందు పెట్టాడు. "సంతకం పెడితే శనివారం నాగ్‌పూర్ వెళ్ళిపోతానండి. అక్కడ ఆర్నెల్ల పని."

మాధవీలత తీసిన పెన్నును మళ్ళీ బల్ల మీద పెట్టేసింది. అది కోపమేమో అనుకుంది. కాదు. ఇతను పోతే ఈ కుర్చీ ఖాళీగా ఉంటుంది, అంతే. ఆ అంతేనే ఆమెను భయపెట్టింది.

"జర ఆగుండ్రి. ఒక్కసారి అన్నీ చూసి పెడ్త."

తన సీట్లోకి వెళ్ళి, తొమ్మిదో కంప్యూటర్‌కు ఇరవై రెండో దాని అడ్రస్ ఇచ్చేసింది. రెండు నిమిషాల్లో ప్యాకింగ్ వైపునుంచి కేక వినిపించింది.

గోవర్ధన్ బల్లల కింద దూరి వైర్లు తడుముతుంటే, మాధవీలత టార్చి పట్టుకుని నిలబడింది. పైన రేకుల మీద వాన, ఆ పైన విమానం. అతని జుట్టు నిండా దుమ్ము.

"బూజు మొత్తం నీ నెత్తికే అయింది సార్," అని నవ్వింది. 'మీరు' ఎప్పుడు 'నువ్వు' అయిందో ఇద్దరూ గమనించనట్టే ఉన్నారు.

టీ తెచ్చిన కొండమ్మ తేల్చేసింది. "నిమ్మకాయ కోస్తివి గద బిడ్డా, గిట్లనే అయితది."

బుధవారం నాలుగో నంబరు పడింది. గురువారం ఇరవై ఎనిమిది. గురువారం సాయంత్రం మేనేజర్ అనంతయ్య అందరి ముందు అందుకున్నాడు.

"ముప్పై రెండు కంప్యూటర్లను ఒక్క దినం నిలబెట్టలేవా? రేపు అయిదింటికల్లా అన్నీ నడవాలె. లేకుంటే మీ ఆఫీసుకు రాస్త, గిట్లాంటోన్ని ఏడికీ పంపొద్దని!"

గోవర్ధన్ తల వంచుకుని "సరేనండి" అన్నాడు. ఒక్క సాకు కూడా చెప్పలేదు. మాధవీలత మొహం మాడిపోయింది. ఆట తనది, తిట్లు అతనివి. పోతే పోనీ, మచ్చతో మాత్రం పోకూడదు.

శుక్రవారం అందరికంటే గంట ముందే వచ్చి, అన్నీ సరిచేసి, ముప్పై రెండూ రెండుసార్లు చూసుకుంది. సాయంత్రం నాలుగింటికి పెన్ను మూత తీసింది.

"మేడం! పదిహేడో నంబరు పోయింది!" గేటు గదినుంచి కేక.

"అమ్మతోడు, నేను ముట్టుకోలే!" అని అరిచేసింది.

గోవర్ధన్ మెల్లగా అడిగాడు. "అంటే మిగతావి ముట్టుకున్నారా అండి?"

మాధవీలత నాలుక కరుచుకుంది.

"మీకు ఒక్క పేజీ నేర్పలేదండి." అతను సర్వర్‌లో ఒక జాబితా తెరిచాడు. ఏ కంప్యూటర్ అడ్రస్ ఎవరు మార్చారో, ఎన్ని గంటలకు మార్చారో అన్నీ అందులో ఉన్నాయి. తొమ్మిది, మాధవీలత. నాలుగు, మాధవీలత. ఇరవై ఎనిమిది, మాధవీలత. అన్నిటికంటే కింద, ఇప్పుడే, పదిహేడు. గోవర్ధన్.

"ఇది ఎప్పుడు చూసినవ్?"

"మంగళవారమేనండి."

"చూసి గూడ బల్లల కింద దూరినవా!"

"టార్చి మీరే పట్టుకుంటారు కదండి."

"మేనేజర్ సార్ గన్ని మాటలంటుంటే నోరెందుకు ఇప్పలే?"

"మీ పేరు చెప్పాల్సి వస్తుందండి."

మాధవీలతకు కళ్ళు చెమ్మగిల్లాయి. దాన్ని కప్పుకోవడానికి కసిరింది. "మరి పదిహేడెందుకు పడగొట్టినవ్?"

"పొద్దున వచ్చి చూస్తే అన్నీ సరిగ్గా ఉన్నాయి. నన్ను పంపించేస్తున్నావని భయమేసింది. మాధవీ, నాకు వెళ్ళాలని లేదు."

అందులో ఒక్క 'అండి' కూడా లేదు. మాధవీలత లెక్కపెట్టింది.

పదిహేడును ఇద్దరూ కలిసి సరిచేశారు. ఆమె ఫారం మీద సంతకం పెట్టి, కింద ఇంకో వరుస రాసింది: 'ఏడాదిపాటు ప్రతి శనివారం ఇదే ఇంజనీరు వచ్చి చూడవలెను.' అనంతయ్య దగ్గరికి తీసుకెళ్ళి ఒప్పేసుకుంది. "ఆయన తప్పు లేదు సార్. ఆ మూడు దినాలు నేనే చేసిన."

"కొండమ్మ బుధవారమే చెప్పింది," అన్నాడు అనంతయ్య స్టాంపు గుద్దుతూ. "బెదిరియ్యకుంటే మీరిద్దరు ఆ బల్లల కిందనే కాపురం పెడ్తరని బెదిరించిన. ఇగ నడువుండ్రి."

నాగ్‌పూర్‌కు ఇంకొకరిని పంపమని గోవర్ధన్ తన ఆఫీసుకు ఫోన్ చేశాడు. ఏడాది పని దొరికిందనేసరికి వాళ్ళు సరేనన్నారు. తర్వాత కొండమ్మ ఇచ్చిన కొత్త నిమ్మకాయ దండను, ఫ్యానుకు తగలకుండా, వైర్లు కట్టే ప్లాస్టిక్ పట్టీతో సర్వర్ పక్కన తనే బిగించాడు.

"ఏడాది అయ్యాక ఏంటండి?"

"రెన్యువల్ నా చేతుల లేదు. మా బాపును అడగాలె."

మొగులయ్య రోజూలాగే కూతురి కోసం గేటు దగ్గర మోపెడ్ మీద తడుస్తూ కూర్చున్నాడు. గోవర్ధన్ ఆ వానలోనే వెళ్ళి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "నమస్కారమండి. నేను..."

మొగులయ్య అతన్ని కిందినుంచి పైదాకా చూశాడు.

"పదిహేను దినాల సంది మా బిడ్డ బువ్వ తినుకుంట గూడ అండి, అండి అంటున్నది. ఆ అండి నువ్వేనా?"

"నేనేనండి."