తాళం తీసినా ఆగని బండి

మా నాన్న షెడ్డులో భయపడ్డం నా పని కాదు, భయపెట్టడం నా పని. స్పానరు పట్టుకోవడం వచ్చినప్పటి నుంచీ ఇంతే. అందులోనూ దొరికింది బావ, మా అక్క మొగుడు. బల్లి కనబడితే దానికే దారిచ్చి పక్కకి తప్పుకునే మనిషి. అలాంటివాణ్ణి ఊరికే వదిలేస్తే ఇక మరదలై పుట్టి ఏం లాభం?

జీపు బావ వాళ్ల నాన్నది, అంటే మావయ్యది. పాత పెట్రోలు బండి. మావయ్య పోయాక కదిపేవాళ్లు లేక ఇంజిన్ లోపల తుప్పుతో బిగుసుకుపోయింది. డీజిల్ ఇంజిన్ ఎక్కించడమే మార్గం అన్నాడు మా నాన్న. బావ అయిష్టంగానే సరేనన్నాడు. బతికుండగా మావయ్య ముందు ఈ మాటెత్తితే, "గుండె మార్చేశాక అది నా బండెలా అవుతుందిరా?" అనేవాడట.

పాతదాన్ని గొలుసులతో పైకి లేపి మూలనున్న టైరు మీద దించాం. కొత్తది గేరుబాక్సుకి అతకదు. మధ్యలో ఇనప పలక కోయించి, ఇంజిన్ కూర్చునే దిమ్మెలు మళ్లీ వెల్డింగ్ చేసి, రేడియేటరు ముందుకు జరిపి... ఆ తంటా పగవాడికి కూడా వద్దు. మొత్తానికి ఆ సాయంత్రానికి అంతా సిద్ధం. నాన్న ఏదో క్లిప్పు తక్కువైందని బజారుకెళ్లాడు. బయట ఆగకుండా వాన. రేకుల మీద చినుకుల మోత, లోపల తడిసిన మట్టి వాసన, గ్రీజు వాసన.

"మీ నాన్న వచ్చేదాకా ఆగలేను మరదలా. ఒక్కసారి స్టార్టు చేద్దామా?" అన్నాడు బావ చిన్నపిల్లాడిలా.

"నీ బండి, నీ ఇష్టం. తిప్పు."

గడగడమని అందుకుంది. షెడ్డంతా అదిరింది. బావ మొహం వెలిగిపోయింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. పెట్రోలు బండి తాళం తిప్పితే ఆగుతుంది. ఇలాంటి పాతరకం డీజిల్ ఇంజిన్ ఆగదు. డాష్‌బోర్డు కింద చిన్న నాబ్ ఉంటుంది, దాన్ని లాగి ఆపాలి. బండి ఇచ్చేటప్పుడు ఎవరికైనా మొదట చెప్పేది అదే. నేను చెప్పలేదు. కావాలనే.

బావ తాళం తిప్పాడు. ఆగలేదు. మళ్లీ తిప్పాడు. చివరికి తాళం ఊడబీకి చేత్తో పట్టుకుని నావైపు చూశాడు.

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. ఇంతకంటే మంచి సమయం దొరుకుతుందా? డ్రైవరు సీటు పక్కకి చేరి గుసగుసగా అన్నాను, "బావా... మావయ్య ఇంకో చుట్టు తిప్పమంటున్నాడేమో..."

అరుస్తాడనుకున్నా. దూకి పారిపోతాడనుకున్నా. అక్కకి చెప్పి నవ్వుకోవచ్చనుకున్నా.

బావ స్టీరింగు మీద తల ఆన్చాడు.

"నాన్నా... ఆ రోజు ఒక్కసారి బండెక్కించరా అన్నావు. రేపు అన్నాను. విసుక్కున్నాను కూడా. పొద్దున్నకి నువ్వు లేవు... ఇప్పుడు నీ ఇంజిన్ కూడా పీకేశాను..."

ఈ మాట అక్కకి కూడా చెప్పి ఉండడు. చెవులు కాలిపోయాయి. చీకట్లో నా మొహం కనబడనందుకు బతికిపోయా. గబగబా చెయ్యి లోపల పెట్టి నాబ్ లాగేశా.

గడగడ ఆగింది.

శబ్దం ఆగలేదు.

సన్నగా... మెత్తగా... ఇంకో ఇంజిన్ చప్పుడు. ఆ చప్పుడు నాకు తెలుసు. మావయ్య మా వీధి మలుపు తిరుగుతుంటే ఇంట్లోంచే గుర్తుపట్టేదాన్ని. పెట్రోలు వాసన గుప్పున కొట్టింది. షెడ్డులో పెట్రోలు చుక్క లేదు. ట్యాంకు కూడా కడిగేశాం.

బానెట్ ఎత్తా. గాలి పీల్చే పైపు మూతికి అరచెయ్యి అడ్డుపెట్టా. నడిచే ఇంజిన్ అయితే అరచేతిని లాగేయాలి. లాగలేదు...

ఇది ఊపిరి పీల్చడం లేదు.

"బావా..." అని పిలిచా.

బావ దిగివచ్చాడు. వణకడం లేదు. మావయ్య రోజూ ఇంటికి చేరాక చేసినట్టే, బానెట్ దించి మెల్లగా తట్టాడు.

"చాలు నాన్నా. పడుకో."

ఆగిపోయింది. వాన ఒక్కటే మిగిలింది.

"అడగ్గానే విన్నాడు చూశావా," అన్నాడు బావ కళ్లు తుడుచుకుంటూ. "నామీద కోపం లేదు మరదలా. నాకది చాలు."

అప్పుడు చెప్పాలి. నాబ్ గురించి, నా వెధవ్వేషం గురించి. తల ఊపానంతే.

బావ వెళ్లాక సెల్‌ఫోన్ లైటు వేసి చూశా. డీజిల్ ఇంజిన్ గోరువెచ్చగా, ఉండాల్సినట్టే ఉంది. మూలన టైరు మీద, పైపులూ తీగలూ తెగి, తుప్పుతో బిగిసిపోయి పడున్న పాతదాన్ని మునివేలితో తాకా.

చుర్రుమంది.

బావ ఇప్పుడు ఎవరు దొరికితే వాళ్లకి చెబుతున్నాడు, వాళ్ల నాన్న క్షమించాడని. ఆ మాట విన్నప్పుడల్లా నేను తల దించుకుని ఏదో ఒక నట్టు బిగిస్తుంటా. పాత ఇంజిన్‌ని తుక్కులో పడేద్దామంటే మా నాన్నని నేనే ఆపుతున్నా. రోజూ షట్టరు ఎత్తగానే ముందు ఆ మూలకే వెళ్తా. బావకి చెప్పాల్సిన మాట గొంతులోనే పెట్టుకుని, దాని మీద చెయ్యి వేసి చూస్తా.

ఇంకా చల్లారలేదు.