వంతెన ఎక్కని హిల్మన్

ఏలూరు కాలవ వంతెన సగం ఎక్కి హిల్మన్ కారు దగ్గింది. ఇంకో గజం పాకింది. ఆగిపోయింది.

వెనక రిక్షాల గంటలు ఒక్కసారిగా మోగాయి.

"దిగి తోయండి మెకానిక్ గారూ! తోయడంలో మీకు మంచి పేరొచ్చింది," అంది మార్త వెనకసీట్లోంచి.

స్టీరింగ్ ముందు బాలశౌరికి చచ్చిపోవాలనిపించింది.

పక్కసీట్లో మార్త తండ్రి అబ్రహాము కళ్ళెర్రజేశాడు. రైలింజన్లు తోలి రిటైరైన మనిషి.

"ఒరే శౌరీ! నిన్న సాయంత్రం గుర్రంలా ఉరికింది గదరా! పొద్దున్నకేమొచ్చింది రోగం?"

"టైమింగ్ తప్పిందండీ. సిలిండర్లో మంట పుట్టాల్సిన దానికంటే లేటుగా పుడుతోంది. అందుకే లాగలేకపోతోంది."

"లేటుగా పుట్టే మంట ఎవరిక్కావాలి?" అంది మార్త, కాలవకేసి చూస్తూ.

పెద్ద తుపాను వచ్చిపోయిన మరుసటి సంవత్సరం అది. కొన్నాళ్ళ ముందు, తుక్కుకొట్లో కోళ్ళు కాపురముంటున్న ఆ కారుని అబ్రహాము పట్టుబట్టి కొన్నాడు. తన పెళ్ళినాడు పెళ్ళికూతురు అమలమ్మని చర్చికి తెచ్చింది ఆ కారే. ఇప్పుడు అమలమ్మ లేదు. కూతురు కూడా అందులోనే పెళ్ళికి వెళ్ళాలని గుణదల మాతకు మొక్కుకున్నాడు. వన్ టౌన్ షెడ్డు నుంచి బాలశౌరి రోజూ వచ్చి రేకుకి రేకు, బోల్టుకి బోల్టు తగిలించి దానికి ప్రాణం పోశాడు. ఈలోగా తన ప్రాణం స్కూలు నుంచి వచ్చే టీచరమ్మ మార్త చేతుల్లో పెట్టేశాడు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఆమెకి కూడా.

ఇంతలో సంబంధం వచ్చింది. ఇబ్రహీంపట్నంలో కొత్తగా కడుతున్న థర్మల్ స్టేషన్లో ఇంజనీరు, కృపానందం. వరసగా మూడు ఆదివారాలు చర్చిలో పెళ్ళి ప్రకటన చదువుతారు. ఆటంకం తెలిసినవాళ్ళు ఆలోగా చెప్పుకోవాలి. రెండు ప్రకటనలు అయిపోయాయి. రెండుసార్లూ బాలశౌరి తల వంచుకుని తన బూట్లు చూసుకున్నాడు.

ఇక కారుకైనా న్యాయం చేద్దామంటే అదీ చేతకావడం లేదు.

పాయింట్లు మార్చాడు. కండెన్సర్ మార్చాడు. సిలిండర్లకి నిప్పురవ్వ పంచే డిస్ట్రిబ్యూటర్ విప్పి లోపలి స్ప్రింగులు చూశాడు. బల్బు తగిలించి, హ్యాండిల్ తిప్పుతూ, ఇంజను మీది టైమింగ్ గుర్తులు రెండూ కలిసిన క్షణానే బల్బు వెలిగేలా సర్దాడు. సాయంత్రానికి బాగు. తెల్లారితే మళ్ళీ మామూలే. షెడ్డులో వాళ్ళు నవ్వడం మొదలెట్టారు.

నవ్వులు భరించొచ్చు. అంతకంటే పెద్ద భయం అతన్ని తినేస్తోంది. కారు బాగైతే మార్త వెళ్ళిపోతుంది. ఆ భయమే తన చేతిని పక్కకి లాగుతోందా? తనకి తెలియకుండా తనే పాడుచేస్తున్నాడా?

శనివారం సాయంత్రం, ఆశ వదిలేసి, మరోసారి బానెట్ ఎత్తాడు. డిస్ట్రిబ్యూటర్ పక్కన వేళ్ళతో తిప్పే చిన్న నాబ్ ఉంది. టైమింగ్ కాస్త ముందుకో వెనక్కో జరపడానికి. దాని మీద గ్రీజు. గ్రీజు మీద తెల్లగా ఏదో.

వేలితో తీశాడు. నలిపాడు.

సుద్దపొడి.

"కాఫీ," అంది మార్త వెనకనుంచి.

అతను గ్లాసు తీసుకోలేదు. ఆమె వేళ్ళకేసి చూశాడు. బడి నుంచి అప్పుడే వచ్చినట్టుంది, ఇంకా కడుక్కోలేదు.

"మీరా?"

"ఇటు తిప్పితే ముందుకి, అటు తిప్పితే వెనక్కి. నేర్పింది మీరేగా?"

"ఎందుకండీ?"

"కారు నడవకపోతే పెళ్ళి ఆగుతుంది. ఆగితే మీరేమైనా మాట్లాడతారేమోనని." ఆమె గ్లాసు బానెట్ అంచున పెట్టింది. "నేను పాడుచేయడం, మీరు బాగుచేయడం! నన్ను సాగనంపడానికి ఎంత ఓపికండీ మీకు!"

"ఆయన ఇంజనీరండీ. నా గోళ్ళలో నలుపైనా పోదు..."

"నేనడిగానా గోళ్ళ సంగతి?"

వానచినుకులు రేకుల మీద టపటపలాడాయి. లోపల్నుంచి అబ్రహాము పాత కీర్తనేదో కూనిరాగం తీస్తున్నాడు. ఆ ముసలాయన మొక్కుని తను చెడగొట్టగలడా?

బాలశౌరి నాబ్ సరిచేశాడు. నట్టు గట్టిగా బిగించాడు.

మార్త కాఫీ నేల మీద పారబోసి వెళ్ళిపోయింది.

ఆదివారం హిల్మన్ వంతెన మీద నుంచి నీళ్ళలా జారిపోయింది. అబ్రహాము ముఖం వెలిగిపోయింది. వెనకసీట్లో మార్త కాలవకేసే చూస్తూ కూర్చుంది.

చర్చిలో ఫాదర్ కాగితం విప్పారు. "... వీరి పెళ్ళికి ఆటంకమేదైనా తెలిసినవాళ్ళు చెప్పవలసింది. ఇదే చివరి ప్రకటన."

బాలశౌరి బూట్లకేసి చూశాడు. బూటు మీద కాఫీ మరక ఎండి ఉంది.

లేచి నిలబడ్డాడు.

"ఉందండీ ఫాదర్."

"ఏమిటయ్యా అది?"

"నేనేనండీ."

ఎవరో కిసుక్కున నవ్వారు. అబ్రహాము మెడ తిప్పాడు.

"మార్త గారు నన్ను చేసుకుంటారో లేదో తెలీదండీ. ఎప్పుడూ అడగలేదు. ఇప్పుడడుగుతున్నాను."

ఆడవాళ్ళ వైపు నుంచి మార్త లేచింది. "జవాబు నా దగ్గర ఎప్పట్నుంచో ఉంది ఫాదర్. అడిగేవాళ్ళే లేకపోయారు. నాకీ పెళ్ళి ఇష్టం లేదని నాన్నకి ముందే చెప్పాల్సింది."

అబ్రహాము కండువా దులుపుకుని బయటికి నడిచాడు.

అయిపోయిందనుకున్నాడు బాలశౌరి. ఆయన ఇంట్లో చోటు పోయింది, ఊళ్ళో పరువు పోయింది. మార్త మాత్రం అతని పక్కకొచ్చి నడిచింది.

బయట వానలో ముసలాయన కారు తలుపు పట్టుకుని నిలబడ్డాడు. తాళంచెవి బాలశౌరి చేతిలో పెట్టాడు.

"తోలు."

"ఎక్కడికండీ?"

"ఇబ్రహీంపట్నం. ఆ కుర్రాడేం పాపం చేశాడు? ఇంకెవరో చెప్పేలోగా మనమే వెళ్ళి క్షమించమని అడగాలి. ముగ్గురం."

వంతెన వచ్చింది. బాలశౌరి గేరు మార్చాడు. హిల్మన్ దగ్గలేదు.

వంతెన దిగుతుండగా, వెనక్కి తిరక్కుండానే అబ్రహాము అన్నాడు.

"అమ్మాయ్! ఆ నాబ్ ఇంక ముట్టుకోకు."

మార్త ఉలిక్కిపడింది. "నాన్నా, మీకు..."

"సుద్దపొడి నాకూ కనపడిందమ్మా. మొక్కు కోసం చూడనట్టు ఊరుకున్నాను." తడి అద్దంలోంచి రోడ్డుకేసి చూస్తూ కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. "నిన్ను ఇందులో పెళ్ళికి తీసుకెళ్ళి మొక్కు తీర్చేరోజున కూడా వీడే తోలాలంటే ఎట్టా కుదురుద్ది? పెళ్ళికొడుకాయె! ఇంకో డ్రైవర్ని వెతుక్కోవాలి."