పుల్ల పెట్టిన మడుగు

నోరీన్ కాఫీ పోసిందే గానీ తను కూర్చోలేదు. పొయ్యి గట్టుకి ఆనుకుని, వెర్న్ ఆపిల్ కేకు తినడం చూస్తూ నిలబడింది.

"ఇవాళ్టికి ఏడాది," అంది.

"అందుకే వెళ్తున్నా."

"నా గుమ్మం మెట్లెక్కడానికే ఆపసోపాలు పడ్డావు. ఆ ఏరు ఎలా ఎక్కుతావు?"

"ఇదే ఆఖరు, నోరీన్. వచ్చే ఏడు నుంచి గాలం కర్ర అటక మీదే. ముప్ఫై నాలుగేళ్ళుగా పట్నం వాళ్ళని చేపలవేటకి వెంటేసుకుని తిరిగాను. వాళ్ళు చెట్ల కొమ్మలకి తగిలించిన గాలాలు తీసీ తీసీ ప్రాణం విసిగింది."

ఆమె నవ్వబోయి ఆగింది. మొగుడు ఏట్లో పోయినప్పటి నుంచి, ఏడాదిగా అడుగుతున్న మాటే మళ్ళీ అడిగింది.

"నిజం చెప్పు. ఆ రోజు డెల్మర్ నిన్ను పిలవలేదా?"

"నీళ్ళ హోరు కదా. నాకేం వినపడలేదు," అన్నాడు వెర్న్, కప్పులోకి చూస్తూ.

అబద్ధం. విన్నాడు. ఏడాదిగా ఆ అబద్ధాన్ని మోసి మోసి అతని ఒళ్ళు గుల్లయింది. ఆ ఏటి దగ్గరికి వెళ్ళి, చివరి మడుగు దగ్గర కూర్చుని, డెల్మర్ పోయిన చోటికి ఎగువనే ఆ మాట చెప్పుకుంటే, తిరిగొచ్చి ఈ వంటింట్లో చెప్పే ధైర్యం వస్తుందేమోనని అతని ఆశ.

ఐడహో కొండల్లో రోడ్డు అయిపోయిన చోట బండి ఆపి, అక్కడినుంచి రెండు గంటలు కాళ్ళీడ్చుకుంటూ నడిచాడు. దారిలో వేరే బండి లేదు, మనిషి జాడ లేదు. ఏరు చేరేసరికి పొద్దు కొండ భుజం మీదికి వాలింది. అదే మంచి వేళ. నీటిమీంచి ఈగలు లేస్తాయి, వాటికోసం ట్రౌట్ చేపలు పైకొస్తాయి. ఈకలూ దారమూ చుట్టి చేసిన దొంగ ఈగని వాటి ముక్కు ముందు వాల్చాలి. పట్టిన చేపని తడి చేత్తో పట్టుకుని, మళ్ళీ నీళ్ళలోనే వదిలెయ్యాలి. ఇంత కష్టపడి పట్టడం దేనికి, వదలడం దేనికి అని అడిగేవాళ్ళకి వెర్న్ జవాబు చెప్పడం ఎప్పుడో మానేశాడు.

ఆ ఏట్లో అయిదు మడుగులు మెట్లుమెట్లుగా పైకి ఉంటాయి. ఇద్దరు కలిసి వస్తే ఒక పద్ధతుంది. మొదటి మడుగు పట్టినవాడు దాని దిగువ రాయి మీద బెరడు వొలిచిన పుల్ల ఒకటి పెడతాడు. ఇది నాది, నువ్వు పైదానికి పో అని దానర్థం. రెండోవాడు ఆ పుల్ల చూసి, చేపలు బెదరకుండా పొదల చాటున చుట్టు తిరిగి పై మడుగుకి వెళ్తాడు. అక్కడ తన పుల్ల పెడతాడు. అలా ఒకరినొకరు దాటుకుంటూ పైకి పోతారు. చివరి మడుగుకి మాత్రం పుల్ల ఉండదు. ముందు చేరినవాడు అక్కడ కూర్చుని రెండోవాడి కోసం ఆగాలి. ఎంతసేపైనా సరే ఆగాలి. వెర్న్, డెల్మర్ ముప్ఫై ఏళ్ళు అలాగే ఆగారు. పోయినేడు ఒక్కసారి వెర్న్ ఆగలేదు.

మొదటి మడుగులో గాలం నాలుగుసార్లు విసిరాక గానీ అతనికి తెలియలేదు, తను పుల్ల పెట్టేశాడని. ఎప్పుడు విరిచాడో, ఎప్పుడు బెరడు వొలిచాడో గుర్తులేదు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. ఒంటరిగా వచ్చినవాడికి పుల్లెందుకు? తీసెయ్యాలంటే ఇరవై అడుగులు వెనక్కి దిగాలి. మోకాలు వద్దంది. సర్లే అనుకున్నాడు.

చేప ఒక్కటి పడలేదు. గట్టెక్కి రెండో మడుగుకి నడిచాడు.

దిగువ రాయి మీద పుల్ల ఉంది.

అప్పుడే వొలిచినట్టు తెల్లగా, తడిగా ఉంది. ఒక కొసన రెండు వేళ్ళ మేర బెరడు వదిలేసి ఉంది. అలా వదిలేవాడు ఈ లోకంలో వెర్న్‌కి తెలిసి ఒక్కడే.

"ఎవరూ?" అన్నాడు. నీళ్ళ హోరులో ఆ మాట అతనికే వినపడలేదు.

మడుగు వైపు చూడకుండా పొదల్లోకి దిగాడు. పద్ధతి ప్రకారం దూరంగా చుట్టు తిరిగాడు. కుడిచేతి వైపు, మడుగు మీద, గాలిలో దారం ఊగే చప్పుడు... స్‌స్... స్‌స్... కాసేపు ఆగి మళ్ళీ... స్‌స్... ముప్ఫై ఏళ్ళు విన్న చప్పుడు అది. విసురుకీ విసురుకీ మధ్య అంతసేపు ఆగే బద్ధకస్తుడు డెల్మరే. వెర్న్ తల తిప్పలేదు. తిప్పితే ఏం కనిపిస్తుందో అని కాదు, ఏమీ కనిపించదేమోనని భయం.

మూడో మడుగు దగ్గర పుల్ల పెట్టలేదు. గాలం తియ్యలేదు. రాయి మీద కూలబడ్డాడు. కొండ నీడ నీళ్ళ మీదికి పాకింది. చలి ఎముకల్లోకి దిగుతోంది.

కింద దారం చప్పుడు ఆగిపోయింది.

తర్వాత పొదల్లో అడుగులు. తడి బూట్ల అడుగులు... చవక్... చవక్... తొందర లేదు. అతని వెనగ్గా, మర్యాద తెలిసిన మనిషి నడిచినట్టే, మడుగుకి దూరంగా చుట్టు తిరిగి వెళ్తున్నాయి. అతన్ని దాటాయి. పైకి, నాలుగో మడుగు వైపు పోయాయి. కొమ్మలు కదిలాయి. కొమ్మల వెనక ఎవరూ లేరు.

ఇప్పుడు కిందికి దారి ఖాళీ. పరిగెత్తితే చీకటి పడేలోపు బండి చేరొచ్చు. వెర్న్ లేచాడు కూడా. రెండడుగులు వేశాడు. పోయినేడూ సరిగ్గా ఇలాగే, కాళ్ళు లాగుతున్నాయని, చివరి మడుగు నుంచి పొదల చాటుగా కిందికి దిగిపోయాడు. మర్నాడు వెతికేవాళ్ళకి నాలుగో మడుగులో టోపీ, విరిగిన గాలం కర్ర దొరికాయి. మనిషి దొరకలేదు. అప్పటినుంచి వెర్న్ చేస్తున్నది పారిపోవడమే. ఇక ఓపిక లేదు. నిజంగానే లేదు.

పైకి నడిచాడు. నాలుగో మడుగు రాయి మీద పుల్ల ఉంది. చుట్టు తిరిగాడు. చివరి మడుగు చేరి, ఒడ్డున కూర్చున్నాడు. ఆగాడు.

వెలుగు పోయింది. ఈగలు లేవడం మానేశాయి. నీళ్ళ రంగు, రాళ్ళ రంగు ఒకటైపోయాయి.

కింద నుంచి పిలుపు.

"వెర్న్... ఉన్నావా?"

అదే గొంతు. అవే మాటలు.

"ఉన్నాన్రా," అన్నాడు.

ఏరు హోరు తప్ప ఏమీ లేదు. ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేడు.

"పోయినేడు కూడా విన్నాను. పెద్ద చేప పడిందని గొప్పలకి పిలుస్తున్నావనుకున్నా. మళ్ళీ పిలిచావు. అదీ విన్నా. మోకాళ్ళు నొప్పులుగా ఉన్నాయిరా... పలకలేదు. తప్పయిపోయింది."

గులకరాళ్ళ మీద చప్పుడు... చవక్... చవక్... దగ్గరికొచ్చింది. ఇంకా దగ్గరికి. పక్కన ఆగింది. ఏటి అడుగున కుళ్ళిన ఆకుల వాసన, బురద వాసన. వెర్న్ మోచేతి పక్కన, పొడి రాయి మీద, నీటి చుక్క పడింది. ఇంకోటి... ఇంకోటి...

చెవి దగ్గర, చల్లగా, అలిసిపోయిన గొంతు.

"ఇంటికి పోదాం పదరా."

ఎలా దిగాడో అతనికి సరిగ్గా తెలియదు. టార్చి వెలుగు కాళ్ళ ముందే ఉంచాడు. పడ్డాడు, లేచాడు. అతను ఆగినప్పుడల్లా వెనక అడుగులూ ఆగాయి. ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు. అయినా, చెప్పాల్సింది చెప్పేశాక ఒంట్లో ఏదో బరువు దిగినట్టే ఉంది. రోడ్డు దగ్గరికొచ్చేసరికి వెనక చప్పుడు లేదు. బండిలో ఎక్కి తలుపులు బిగించి, కళ్ళు మూసుకుని పది నిమిషాలు కూర్చున్నాడు. నేరుగా నోరీన్ దగ్గరికి వెళ్ళి, ఈ రాత్రే అంతా చెప్పెయ్యాలి. తిడితే తిట్టనీ.

తాళం తిప్పాడు. బండి కదిలింది.

టింగ్... టింగ్... టింగ్...

తన బెల్టు చూసుకున్నాడు. పెట్టుకునే ఉన్నాడు. ముందు అద్దం కింద చిన్న ఎర్ర దీపం వెలుగుతోంది. పక్క సీట్లో మనిషి కూర్చుని బెల్టు పెట్టుకోకపోతే వెలిగే దీపం అది. పక్క సీట్లో ఏమీ లేదు. సంచీ వెనక పడేశాడు, గాలం కర్ర వెనకే ఉంది.

టింగ్... టింగ్... టింగ్...

నోరీన్ ఇల్లు ఇంకా నలభై మైళ్ళు. వెర్న్ బండి ఆపాడు. భయపడే ఓపిక కూడా అయిపోయింది. చెయ్యి చాచి, పక్క సీటు బెల్టు లాగి, అడ్డంగా తెచ్చి బిగించాడు. చప్పుడు ఆగింది.

చెయ్యి వదిలేశాడు. బెల్టు సీటుకి అంటుకోలేదు. సీటుకి జానెడు ఎడంగా, బిగుతుగా అలాగే నిలబడింది. దీపం ఆరిపోయాక ఆ చీకట్లో, చాలా నెమ్మదిగా, కొంచెం ముందుకొచ్చింది... కొంచెం వెనక్కి తగ్గింది... మళ్ళీ ముందుకొచ్చింది.