గుమ్మటం చుట్టూ మూడు చక్కర్లు

కుక్కర్‌కు కొత్త రబ్బరు. నీళ్ల ట్యాంకు కడిగించాలి. మోకాళ్లకు నూనె. పదింటికి విమానం. అబ్బాయిని కంప్యూటర్ ముట్టుకోనివ్వకూడదు.

ఫ్రిజ్ మీద అమ్మ అంటించిన కాగితంలో చివరి పని చదివి కొడుకు నొచ్చుకున్నాడు. ఆ కంప్యూటర్ కొనిచ్చింది తనే. మోకాళ్లు అరిగి ఇల్లు కదలలేని అమ్మకు విమానం నడిపే ఆట నేర్పిందీ తనే. ఇప్పుడు ఆవిడ ప్రతి ఆదివారం ఇరుగుపొరుగు పెద్దవాళ్లను కూర్చోబెట్టుకుని, తెర మీద పాత నగరమంతా తిప్పి చూపిస్తోంది. వీధిలో అందరికీ ఆవిడ 'కెప్టెన్‌గారు' అయిపోయింది.

"అమ్మా, ఆటలోకి, పైనుంచి తీసిన నగరం ఫోటోలు కొత్తవి వచ్చాయి. పది నిమిషాల్లో ఎక్కించేస్తాను. అద్దంలా కనబడుతుంది."

"అక్కర్లేదు. నా విమానం జోలికి రాకు."

"పన్నెండేళ్ల పాతవమ్మా అవి!"

"నేను అరవై అయిదేళ్ల పాతదాన్ని. నన్నూ మార్చేస్తావా?"

అప్పుడే పక్కింటి టైలరు తాతయ్య చేతికర్ర తలుపుకు ఆనించి లోపలికి వచ్చాడు. "కాస్త చెప్పవయ్యా మీ అమ్మకి. కోట చూద్దామంటే వినదు. ఆ గుమ్మటం చుట్టూ మూడేసి చక్కర్లు! నాకు కళ్లు తిరుగుతున్నాయి."

"టిక్కెట్టేమన్నా కొన్నారా అన్నయ్యగారూ? బుద్ధిగా కిటికీలోంచి చూడండి."

కొడుక్కి కోపం వచ్చింది. "ఈ చాదస్తానికే నలుగురూ నవ్వుతున్నారు. ఇవాళ మార్చేస్తున్నా" అంటూ మౌస్ పట్టుకున్నాడు.

అమ్మ ఆ చేతిని గట్టిగా నొక్కి పట్టింది. "పైలట్‌ని నేను. నువ్వు కూర్చో."

రెండో చేత్తో మీటలు నొక్కగానే విమానం లేచింది. నది దాటింది, కోటగోడ దాటింది. బజారు కప్పుల మీదుగా దిగి, పెద్ద గుమ్మటం వైపు వంగింది. గుమ్మటం నిండా తడి గోనెపట్టాలు. వాటి మధ్య ఒక తెల్లచుక్క.

"మీ నాన్న" అంది అమ్మ.

"చుక్కని పట్టుకుని నాన్నంటే ఎలాగమ్మా?"

"నీడ చూడు. కాళ్ల కిందే ఉంది. మిట్టమధ్యాహ్నం. కూలీలంతా భోజనాలకి దిగితే, కొత్త సున్నం బీటలు వారకుండా పట్టాలు తడపడానికి ఎక్కేది మేస్త్రీ ఒక్కడే. ఆ గుమ్మటం మరమ్మతు పూర్తయిన ఏడాదికే మీ నాన్న పోయారు."

కొడుకు తెర వైపే చూస్తున్నాడు.

"శిలాఫలకం మీద కాంట్రాక్టరు పేరు చెక్కారు. నువ్వు కాలేజీ ఫారంలో, తండ్రి వృత్తి దగ్గర కాంట్రాక్టరని రాశావు. ఆయన చూశారురా. చూసి కూడా నిన్ను ఒక్క మాట అనలేదు. ఇక మిగిలింది ఈ చుక్క. దీన్ని నేను తుడవనివ్వను. చాదస్తమనుకో, పిచ్చనుకో!"

అతనికి ఆ ఫారం నింపిన పెన్ను రంగు కూడా గుర్తుంది. మెల్లగా మౌస్ మీంచి చెయ్యి తీశాడు.

"ఇంకో చక్కరు కొట్టమ్మా."

"నాలుగోదా!" అన్నాడు తాతయ్య. అంతలోనే కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "కానివ్వండి కెప్టెన్‌గారూ" అన్నాడు.

విమానం దిగాక కొడుకు ఫ్రిజ్ దగ్గరికెళ్లి, కాగితం అడుగున రాశాడు: 'ఫోటోలు ఎప్పటికీ మార్చకూడదు. ఇట్లు, సున్నం మేస్త్రీ కొడుకు.'

అమ్మ చదివింది. కొంగుతో కళ్లొత్తుకుని, "సరే, ముందు ట్యాంకు సంగతి చూడు" అంది.

మీరెప్పుడైనా ఆ గుమ్మటం చూడ్డానికి వెళ్తే శిలాఫలకం దగ్గరే ఆగిపోకండి. తలెత్తండి. అందరూ కిందికి దిగిన వేళ, నెత్తిన ఎండతో, చేతిలో నీళ్ల బాల్చీతో పైకెక్కిన ఆ మేస్త్రీని ఒక్కసారి తలుచుకోండి.