ఐసు ఫ్యాక్టరీలో మూడు కిక్కులు

అజయ్ బాబు దగ్గర ఆ రోజు పొద్దున పద్నాలుగు వేల మూడు వందలు ఉన్నాయి. ఏడు నెలలు తెనాలి సందుల్లో పార్సిళ్ళు మోసి వెనకేసిన డబ్బు. మధ్యాహ్నానికి అందులో తొమ్మిది వేలు పోయాయి. ప్లగ్గు, పైపు, పెట్రోలు, రైలు, ఆటో కలిపి ఇంకో ఆరు వందల నలభై. బదులుగా వచ్చింది ఒక తాళంచెవి. ఆ తాళంచెవి బండి మాత్రం సూర్యలంక రోడ్డులో, పాత ఐసు ఫ్యాక్టరీలో ఉంది.

ఆ ఫ్యాక్టరీ పేరెత్తితే బాపట్ల ట్రాలీ ఆటోవాళ్ళు తల అడ్డంగా ఊపేశారు. "రెండు వేలిచ్చినా రామండి. సాయంత్రం ఐదు దాటితే అసలు రాం."

కారణమేంటో ఫ్యాక్టరీ ఎదురుగా ఉన్న టీ కొట్టు మస్తానమ్మ చెప్పింది.

"మూడేళ్ళ కిందట గ్యాసు లీకైంది అబ్బాయ్. ఆపరేటరు ఏసుపాదం తొమ్మిది మంది కూలీల్ని బయటికి తోసి, వాల్వు మూయడానికి మళ్ళీ లోపలికి పోయాడు. వాల్వు మూశాడు... తను రాలేదు. చెయ్యి ఆ వాల్వు చక్రం మీదే ఉండిపోయింది."

"పాపం."

"పాపమే. కానీ అప్పట్నుంచీ ఆదివారం రాత్రిళ్ళు లోపల ఎవరో బండి కిక్కు కొడతారు. మూడుసార్లు. తర్వాత ఏదో మూసినట్టు, టిక్... అంతే. పోయిన ఆదివారం కూడా విన్నా, ఈ చెవుల్తోనే."

"ఇవాళ గురువారం కదా మామ్మా!"

"ఓహో, దెయ్యాలకి క్యాలెండరు కూడా ఇచ్చావా? సరే పో. టీకి పది రూపాయలు ఇచ్చేసి పో. మళ్ళీ వస్తావో రావో."

అజయ్ బాబు నవ్వేసి డబ్బులిచ్చాడు. వాడి బుర్రలో వేరే లెక్క నడుస్తోంది. తొమ్మిది వేల బండి, నడిస్తే ఇరవైకి పోతుంది. ఇరవైతో రెండు బళ్ళు. రెండు నాలుగైతే అంగలకుదురు సెంటర్లో చిన్న మెకానిక్ షెడ్డు. అయితే ఆ లెక్కకి గడువుంది. ఐసు ఫ్యాక్టరీ స్థలం రొయ్యల కంపెనీవాళ్ళు కొన్నారు. తెల్లారి ఆరింటికి జేసీబీ వస్తుంది. షెడ్డు కూల్చి, ఆవరణంతా పూడ్చేస్తారు. ఈలోగా బండి రోడ్డెక్కకపోతే తొమ్మిది వేలూ మట్టి కిందే.

షెడ్డు రోడ్డుకి బాగా పల్లంలో ఉంది. బండికి గాలి కొట్టి, ఇసుక ఏటవాలు మీద ఒక్కడే నెట్టి చూశాడు. సగం ఎక్కాక చక్రం దిగబడింది. బండితో సహా వెనక్కి జారాడు. మోచెయ్యి చీరుకుపోయింది.

ఇక ఒకటే దారి. స్టార్ట్ చేసి, గేరు వేసి, ఎక్కించాలి.

ముందు కిక్కు నొక్కి చూశాడు. మూడేళ్ళు నిలబడ్డ బండి, ఇంజిను పట్టేసి ఉంటుందనుకున్నాడు. మెత్తగా దిగింది. నిన్నటిదాకా ఎవరో వాడినట్టు. అదృష్టం అనుకున్నాడు.

ట్యాంకులో పాత పెట్రోలు తీస్తే బెల్లం పాకం రంగులో ఉంది, వార్నీషు వాసన. పారబోశాడు. కార్బొరేటర్ విప్పి, జెట్టులో పేరుకున్న జిగురుని రాగితీగతో పొడిచి తీశాడు. తిరిగి బిగించేసరికి బయట సరుగుడు తోటలో వెలుగు పోయింది. సముద్రం మీంచి గాలి మొదలైంది. సెల్లు టార్చి ఒక ఇటుక మీద నిలబెట్టి, కొత్త పెట్రోలు పోసి, ట్యాంకు కింది పెట్రోలు ట్యాప్ తిప్పి తెరిచాడు.

కిక్కు. కిక్కు. కిక్కు.

పన్నెండు లెక్కపెట్టాడు. ఊఁ అనలేదు.

ప్లగ్గు చూద్దామని పెట్టెలో పానా కోసం వెనక్కి తిరిగాడు.

టిక్.

చిన్న శబ్దం. గోడ మీద బల్లేమో... తిరిగి చూశాడు. ఎవరూ లేరు. ప్లగ్గు విప్పి, దానికి వైరు టోపీ తగిలించి, ఇంజినుకి ఆనించి కిక్కు కొట్టాడు. నీలం రంగు మెరుపు చటుక్కున దూకింది. బాగానే ఉంది. మరి పెట్రోలు అందట్లేదా?

వంగి చూశాడు. ట్యాప్ మూసి ఉంది.

'తిప్పాను కదా... తిప్పలేదేమో.' మళ్ళీ తెరిచాడు. పాత ప్లగ్గు ఎందుకని కొత్తది తెచ్చుకోవడానికి సంచి దగ్గరికి నాలుగడుగులు వేశాడు.

టిక్.

ఈసారి తిరగలేదు. తిరగలేకపోయాడు. లోపల్లోపల లెక్క పెట్టడం మొదలుపెట్టాడు. ఒకటి... రెండు... ఇరవై దాకా వెళ్ళి, మెల్లగా తల తిప్పాడు.

బండి అలాగే ఉంది. ట్యాప్ మూసి ఉంది.

"ఎవరండీ... ఎవరది?"

గాలికి రేకు ఒకటి కొట్టుకుంది. అంతే.

వాడు పారిపోయేవాడే. కానీ తొమ్మిది వేలు... ఏడు నెలలు... ఎండలో ఎక్కిన మెట్లన్నీ గుర్తొచ్చాయి. పళ్ళు బిగించి ట్యాప్ తెరిచి, దాని మీద నల్ల టేపు నాలుగు చుట్లు చుట్టాడు. 'స్ప్రింగు లూజై తనంతట తనే తిరుగుతోంది. ఇప్పుడెలా తిరుగుతుందో చూస్తా.' మెరుపు సరిచూడ్డానికి కొత్త ప్లగ్గుకి టోపీ తగిలించాడు. ఇంజినుకి ఆనించాడు. కిక్కు మీద చెయ్యి వేశాడు.

సెల్లు టార్చి ఆరిపోయింది.

చీకట్లో, చెవికి జానెడు దూరంలో టేపు ఊడుతున్న శబ్దం. చ...ర్ర్... తొందర లేకుండా, చుట్టు తర్వాత చుట్టు.

టిక్.

అజయ్ బాబు చేతిలో ప్లగ్గు జారిపోయింది. వెనక్కి పడ్డాడు. అదే క్షణంలో ఇటుక మీది సెల్లు వెలిగి, గట్టిగా మోగింది. ప్రాణం పోయినంత పనైంది.

రిబ్కా గారు. ఏసుపాదం భార్య. బండి అమ్మినావిడ.

"బండి కదిలిందా బాబూ?"

"పిన్నిగారూ... ఇక్కడ... ఇక్కడ ఎవరో ఉన్నారండి. రాత్రిళ్ళు కిక్కు కొడతారంటగా..."

అవతల ఆవిడ చిన్నగా నవ్వింది. "దడుచుకున్నావా? అది నేనే బాబూ. 'నిలబడ్డ బండి చచ్చిన బండితో సమానం, వారానికోసారి కిక్కు కొట్టు' అనేవారు ఆయన. ఆయన పోయాక ఆదివారం సాయంత్రం ప్రార్థనవగానే వచ్చేదాన్ని. స్టార్టవ్వదని తెలుసు. మూడు కిక్కులు కొట్టి, ట్యాప్ మూసి పోయేదాన్ని. పగలొస్తే జనం నవ్వుతారని చీకటి పడ్డాక వచ్చేదాన్ని."

అజయ్ బాబు గుండె కాస్త నెమ్మదించింది. కిక్కు అంత మెత్తగా ఎందుకు దిగిందో తెలిసింది. అంతలోనే ఇంకోటి తట్టింది.

"పోయిన ఆదివారం కూడా వచ్చారా అండి?"

"లేదు బాబూ. క్రిస్మస్‌కే మోకాలు పోయింది. అప్పట్నుంచీ తెనాల్లో అమ్మాయి దగ్గరే ఉంటున్నా. ఆర్నెల్లైంది అటు రాక."

"మరి... ఇక్కడ ట్యాప్ ఎవరు మూస్తున్నారండి? మూడుసార్లు తెరిచాను. మూడుసార్లూ..."

"మేం అలాంటివి నమ్మం బాబూ," అందావిడ. గొంతు మారింది. "కానీ... మూశారా? నిజంగా మూశారా?"

"టేపు చుట్టినా మూశారండి!"

"అయితే తెరవొద్దు. వంగి ఆ ట్యాప్ కింద ఏముందో చూడు. ఆయన ఊరికే మూయరు."

ఫోను పెట్టకుండానే పాకుతూ దగ్గరికెళ్ళి టార్చి వేశాడు. నల్ల టేపు ట్యాంకు మీద చక్కగా మడిచి ఉంది. దాని వైపు చూడకుండా ట్యాప్ కిందికి వెలుగు పట్టాడు.

పెట్రోలు పైపు ఎండి కొబ్బరిపీచులా పగిలి ఉంది. ఇంజిను మీద తడి. నేల మీద మడుగు. తన చేతులకంతా పెట్రోలే కాబట్టి వాసన తెలియలేదు. కొత్త పైపు సంచిలోనే ఉంది. పాతది ఇంకొన్నాళ్ళు వస్తుందని, మిగిల్చి వేరే బండికి వాడుకోవచ్చని మార్చలేదు. నలభై ఐదు రూపాయల పైపు.

మడుగు అంచు నుంచి, కొత్త ప్లగ్గు జారిపడిన చోటికి... జానెడు కూడా లేదు.

ట్యాప్ తెరిచే ఉండి, తను ఆ ఒక్క కిక్కూ నొక్కి ఉంటే, ఆ నీలం మెరుపు ఈ పెట్రోలు మీద...

ఈ లెక్క మాత్రం వాడు పూర్తి చేయలేదు.

"పిన్నిగారూ, పైపు పగిలిందండి," అన్నాడు. ఏడుపులాంటిది వచ్చింది.

"మార్చుకో నాయనా," అందావిడ. ఆమె గొంతు కూడా అలాగే ఉంది. "మార్చుకుని జాగ్రత్తగా రా."

తడి తుడిచాడు. బండిని తలుపు దాకా, గాలి ఆడే చోటికి జరిపాడు. వాసన పూర్తిగా పోయేదాకా గంటసేపు గుమ్మంలో కూర్చున్నాడు, వీపు లోపలికి తిప్పడానికి ధైర్యం చాలక లోపలికే చూస్తూ. తర్వాత వచ్చి ప్లగ్గు బిగించాడు. పగిలిన పైపు పీకి, కొత్తది తొడిగి, పైన ఒక క్లిప్పు నొక్కాడు. కింద రెండోది నొక్కి, గట్టిగా ఉందో లేదో అని రెండు వేళ్ళతో పైపు పట్టుకుని లాగి చూశాడు.

టిక్.

వేళ్ళ మధ్య పైపు చల్లబడింది. పెట్రోలు దిగుతోంది.

వాడు ట్యాప్ ముట్టుకోలేదు.

తల ఎత్తలేదు. చీకటి వైపు చూడలేదు. నెమ్మదిగా లేచి, సీటు మీద కూర్చుని, హ్యాండిలు గట్టిగా పట్టుకున్నాడు.

"అన్నా..." అన్నాడు పెదాలు కదిలీ కదలనట్టు, "వెళ్ళొస్తా."

మూడు దాకా లెక్కపెట్టుకుని, కిక్కు మీద కాలు మోపాడు.