గంగాళంలో నీళ్లు

శుక్రవారం వస్తే ధవళేశ్వరం కాలవగట్టు వీధిలో ఇంటింటా తొట్లు బోర్లిస్తారు. ఆశా కార్యకర్త మాణిక్యాంబ దోమపిల్లల కోసం టార్చి వేసి వెతుకుతుంది.

"సంపూర్ణమ్మగారూ, మీ పెరడు చూడాలండి."

"చూడవే తల్లీ. దోమలకి కూడా నా ఒళ్లు చేదే."

"నవ్వకండి. ఎక్కడో బ్రెజిల్లోనూ ఇదే జ్వరమంట. ఇక్కడ మేం పంపిన కేసు కూడా ఆ ప్రపంచం లెక్కలో పడుతుందట. మీ పక్కింటి పాపాయికీ డెంగీయేనండి."

కొబ్బరిడొక్కల వెనక గోనె కప్పిన ఇత్తడి గంగాళాన్ని మాత్రం సంపూర్ణమ్మ చూపించలేదు.

నిరుటి వానల్లో మనవరాలు హారతికి డెంగీ. జ్వరంతో కాలిన ఒళ్లు చల్లబడగానే సంపూర్ణమ్మ పొంగిపోయింది. ఆ గంగాళంలోనే కూర్చోబెట్టి, కుంకుడుకాయ పులిమి తలకి పోసింది. బీరకాయ పథ్యం పెట్టింది. జ్వరం దిగాకే అసలు ప్రమాదమని ఆసుపత్రిలో చెప్పేసరికే ఆలస్యమైపోయింది. పిల్ల దక్కలేదు.

ఆ నీళ్లు ఆవిడ పారబోయలేదు. ఎండల్లోనూ అవి బెత్తెడైనా తగ్గలేదు. ఈమధ్య పిల్ల ముఖం జ్ఞాపకం రావడం మానేసింది. ఫొటో చూసినా ఎవరి పిల్లో అనిపిస్తోంది. గోనె తీస్తే మాత్రం... నీళ్లలో కనిపించేది. రెప్పలతో సహా.

ఆ సాయంత్రం ముసురు. కరెంటు పోయింది. గోడ అవతల పాపాయి మూలుగు. సంపూర్ణమ్మ గోనె తీసింది. కుంకుడు వాసన గుప్పుమంది. నీళ్లలో పిల్ల ముఖం నిండా దోమపిల్లలు మెలికలు తిరుగుతున్నాయి. కళ్లలో... పెదాల మీద...

ఆ పెదాలు కదిలాయి.

"చలేస్తోంది మామ్మా..."

గోడ అవతల మూలుగు హెచ్చింది.

"నిన్ను మరిచిపోతానే అమ్మా," అని గొణిగి, కళ్లు మూసుకుని గంగాళం ఒంపేసింది. పాదాల మీంచి పారిన నీళ్లు వెచ్చగా ఉన్నాయి. జ్వరం ఒళ్లంత వెచ్చగా.

కళ్లు తెరిచి ముఖం తలుచుకుంది. రాలేదు. ఎంత తలుచుకున్నా రాలేదు. ఖాళీ ఇత్తడిని ఒళ్లోకి లాక్కుని ఏడ్చింది.

"మామ్మగారూ!" గోడ మీంచి పాపాయి తల్లి సూర్యకళ. "ఒళ్లు చల్లబడిందండి! జ్వరం దిగిపోయింది!"

సంపూర్ణమ్మ పడుతూ లేస్తూ పక్కింటికి పరిగెత్తింది. "ఆటో పిలువు! ఆసుపత్రికి పద! తలకి మాత్రం పొయ్యకే!"

"మేం పొయ్యలేదండి," సూర్యకళ గొంతు తగ్గింది. "కానీ చూడండి... జుట్టంతా తడి. కుంకుడు వాసన..."

సంపూర్ణమ్మ దీపం దగ్గరికి తెచ్చింది. మంచం మీద పిల్ల మెల్లగా ఇటు తిరిగింది.

"చలేస్తోంది మామ్మా..."

మరిచిపోయిన ముఖం ఆవిడకి అప్పుడు జ్ఞాపకం వచ్చింది.